శూన్యానికి కాపలా: మాస్ స్పెక్ట్రోమీటరులో వాక్యూమ్, లీకుల నుంచి రక్షణ

మాస్ స్పెక్ట్రోమీటరు అణువుల బరువు తూచే యంత్రం. నమూనాలోని అణువులకు ముందుగా విద్యుదావేశం ఎక్కించి అయాన్లుగా మారుస్తుంది. ఆ అయాన్లను విద్యుత్ క్షేత్రంలోనో, అయస్కాంత క్షేత్రంలోనో, రెండింటిలోనో నడిపించి, ద్రవ్యరాశికీ ఆవేశానికీ ఉన్న నిష్పత్తిని బట్టి వేరు చేస్తుంది. చివర డిటెక్టరు ఏ రకం అయాన్లు ఎన్ని వచ్చాయో లెక్కపెడుతుంది. మందుల నాణ్యత, నదీజలాల్లో పురుగుమందుల అవశేషాలు, రక్తంలోని కొవ్వుల తీరు, రాళ్ల వయస్సు ఈ లెక్క మీదే తేలుతున్నాయి. ఈ లెక్క నిజం కావడానికి ఒక షరతు ఉంది. బయల్దేరిన అయాన్ దారిలో మరే అణువునూ ఢీకొనకుండా డిటెక్టరును చేరాలి. ఢీకొంటే దారి తప్పుతుంది, లేదా ఆవేశం పోగొట్టుకుంటుంది, లేదా ముక్కలవుతుంది. అందుకే ఆ దారి పొడవునా గాలిని తోడేసి శూన్యాన్ని నిలబెట్టాలి. నిలబెట్టిన శూన్యం చెడకుండా కాపలా కాసే ఏర్పాట్లూ ఉండాలి.

జర్మనీ తూర్పు భాగంలో, ఎల్బే నది ఒడ్డున ఉన్న డ్రెస్డెన్‌కు ఈ విద్యతో పాత అనుబంధం ఉంది. భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రేడ్ ఫాన్ అర్డెన్ యుద్ధానంతరం పదేళ్లు సోవియట్ యూనియన్‌లో, నల్లసముద్ర తీరంలోని సుఖుమిలో, ఐసోటోపులను వేరుచేసే పనిలో గడిపాడు. 1955లో డ్రెస్డెన్‌కు వచ్చి వైసర్ హిర్ష్ అనే ఎత్తైన పేటలో సొంత పరిశోధన సంస్థ నెలకొల్పాడు. అక్కడ ఆయన బృందం ఎలక్ట్రాన్ సంగ్రహణ మాస్ స్పెక్ట్రోగ్రఫీ అనే పద్ధతిని అభివృద్ధి చేసింది. అల్ప పీడనంలో ఉన్న వాయువులో విద్యుత్ ఉత్సర్గం పుట్టించి, అందులోని నెమ్మదైన ఎలక్ట్రాన్లను సేంద్రియ అణువులకు అంటించి, రుణ అయాన్లను తయారుచేయడం ఆ పద్ధతి కీలకం. దాని మీద ఆయన, సహచరులు కలిసి రాసిన గ్రంథం 1971లో వెలువడింది. అయాన్లు పుట్టే చోట వాయువు ఉండాలి, అవి నడిచే చోట ఉండకూడదు. మాస్ స్పెక్ట్రోమీటరు వాక్యూమ్ సమస్య అంతా ఈ రెండు అవసరాల మధ్యే ఉంది.

అదే నగరంలో నేడు ఈ సమస్య రెండు వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది. యోహాన్‌స్టాట్ పేటలోని మాక్స్ ప్లాంక్ అణు కణ జీవశాస్త్ర, జన్యుశాస్త్ర సంస్థలో ఆండ్రే షెవ్‌చెంకో బృందం ప్రొటీన్లనూ, కణాల్లోని కొవ్వు అణువులనూ మాస్ స్పెక్ట్రోమీటర్లతో విశ్లేషిస్తుంది. అవి గదిలో ఒక బల్ల మీద ఇమిడే యంత్రాలు. నగరానికి తూర్పున రోసెన్‌డార్ఫ్‌లో ఉన్న హెల్మ్‌హోల్ట్స్ కేంద్రంలో డ్రీమ్స్ అనే యంత్రం ఉంది. డ్రెస్డెన్ త్వరణక మాస్ స్పెక్ట్రోమెట్రీకి అది పొట్టి పేరు. 60 లక్షల వోల్టుల త్వరణకంతో పనిచేసే ఆ యంత్రం ఒక పెద్ద హాలంతా పరుచుకుని ఉంటుంది. పరిమాణంలో ఇంత తేడా ఉన్నా, లోపల శూన్యాన్ని నిలిపే సూత్రాలు రెండింటికీ ఒకటే.

ఆ సూత్రాలకు పునాది ఒక కొలత. ఒక అణువు మరో అణువును ఢీకొనేలోపు సగటున ఎంత దూరం పోగలదో దాన్ని సగటు స్వేచ్ఛా పథం అంటారు. మామూలు గాలిలో అది మిల్లీమీటరులో సుమారు 15,000వ వంతు మాత్రమే. వాతావరణ పీడనం సుమారు 1,000 మిల్లీబార్లు. దాన్ని 1 మిల్లీబారుకు దించినా అణువు మిల్లీమీటరులో 15వ వంతు కంటే ముందుకు పోలేదు. పీడనం మిల్లీబారులో లక్షో వంతుకు దిగితే ఆ దూరం ఆరున్నర మీటర్లు దాటుతుంది. యంత్రంలో అయాన్ నడిచే దారి అర మీటరో, మీటరో ఉంటే ఈ పీడనం సరిపోతుంది. నాలుగు కడ్డీల మధ్య అయాన్లను వడకట్టే క్వాడ్రుపోల్ యంత్రాలు ఈ స్థాయిలోనే పనిచేస్తాయి. అయాన్లు ఎంత వేగంగా గమ్యం చేరాయో కొలిచే టైమ్ ఆఫ్ ఫ్లైట్ యంత్రాలకు దారి పొడవు, కాబట్టి అంతకు వంద రెట్లు మెరుగైన శూన్యం కావాలి. ఆర్బిట్రాప్ అనే రకంలో అయాన్లు ఒక చిన్న లోహపు కదురు చుట్టూ తిరుగుతూ ఊగుతుంటాయి. ఒక్క కొలత పూర్తయ్యేలోపు అవి తిరిగిన దూరం కలిపితే పదుల కిలోమీటర్లవుతుంది. అందుకే అక్కడి పీడనం మిల్లీబారులో వెయ్యి కోట్లలో ఒక వంతు దాకా దిగాలి. ప్రొటీన్ల వంటి పెద్ద అయాన్లకు ఈ అవసరం మరింత ఎక్కువ. ఆకారం పెద్దదయ్యేకొద్దీ ఢీకొనే అవకాశమూ పెరుగుతుంది. ఇంత చేసినా ఘన సెంటీమీటరుకు ఇంకా 20 లక్షలకు పైగా అణువులు మిగిలే ఉంటాయి. పూర్తి శూన్యం ఏ యంత్రంలోనూ లేదు. పనికి తగినంత శూన్యాన్ని సాధించి, దాన్ని అక్కడే పట్టి ఉంచడమే వాక్యూమ్ విద్య.

వాతావరణ పీడనం నుంచి ఆ లోతుకు ఒకే పంపు తోడలేదు. ఎత్తిపోతల పథకంలో ఒక దశ పంపు ఎత్తిన నీటిని పై దశ పంపు అందుకున్నట్టే, ఇక్కడా పంపులు వరుసగా పనిచేస్తాయి. మొదటిది ప్రాథమిక పంపు. చాలా ప్రయోగశాలల్లో అది నూనెలో తిరిగే రోటరీ వేన్ పంపు. గుండ్రటి గదిలో పక్కకు అమర్చిన రోటరు తిరుగుతుంటే, దాని రెక్కలు గాలిని ఒక పక్క పట్టి, నొక్కి, రెండో పక్క బయటికి నెడతాయి. నూనె సందులను మూసి, వేడిని మోసుకుపోతుంది. ఈ పంపు పీడనాన్ని మిల్లీబారులో వందో వంతుకో, వెయ్యో వంతుకో దించగలదు. నూనె ఆవిరి యంత్రంలోకి రాకూడదనుకునే చోట, నూనె లేని స్క్రోల్ పంపులను వాడతారు.

అక్కడి నుంచి లోతుకు తోడేది టర్బోమాలిక్యులర్ పంపు. ఈ పంపు వెనక జర్మన్ ఇంజనీరింగ్ చరిత్ర చాలా ఉంది. వోల్ఫ్‌గాంగ్ గేడె అనే శాస్త్రవేత్త వేగంగా తిరిగే ఉపరితలాన్ని తాకిన అణువులు దాని దిశలోనే కొట్టుకుపోతాయని గ్రహించి, 1910ల ఆరంభంలో మాలిక్యులర్ పంపును రూపొందించాడు. ఫైఫర్ సంస్థలో విల్లీ బెకర్ 1950ల చివర అదే ఆలోచనను టర్బైను రెక్కల వరుసలతో కలిపి నేటి టర్బో పంపును తయారుచేశాడు.

దాన్ని దగ్గరగా చూస్తే పని తీరు తెలుస్తుంది. ఒకే అల్యూమినియం మిశ్రమలోహపు దిమ్మ నుంచి చెక్కిన రోటరు మీద, ఏటవాలు రెక్కల పళ్లేలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ప్రతి రెండు పళ్లేల మధ్యా కదలని రెక్కల వలయం ఒకటి, ఎదురు వాలుతో అమర్చి ఉంటుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రోటరు నిమిషానికి 60,000 చుట్లు తిరిగితే, దాని అంచు సెకనుకు సుమారు 314 మీటర్ల వేగంతో కదులుతుంది. గాలిలో శబ్దవేగానికి అది కొంచెమే తక్కువ. గది ఉష్ణోగ్రతలో నైట్రోజన్ అణువు సగటు వేగం సెకనుకు దాదాపు 470 మీటర్లు. రెక్కల వేగం అణువుల వేగానికి దగ్గరగా ఉండటం వల్లే, రెక్కను తాకిన అణువు ఎక్కువగా కిందికే తోయబడుతుంది. హైడ్రోజన్ అణువు సెకనుకు 1,700 మీటర్లకు పైగా పోతుంది కనుక రెక్కల మధ్య నుంచి వెనక్కి తప్పించుకోగలదు. టర్బో పంపు నైట్రోజన్‌ను బాగా, హైడ్రోజన్‌ను బలహీనంగా తోడటానికి కారణం ఇదే. ఇంకో పరిమితి కూడా ఉంది. దీని వెనక ప్రాథమిక పంపు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. వెనక పీడనం కొన్ని మిల్లీబార్లకు మించితే రోటరు మీద ఒత్తిడి పెరిగి, వేడెక్కి, వేగం పడిపోతుంది.

షెవ్‌చెంకో బృందం వాడే తరహా యంత్రాల్లో నమూనా ద్రవరూపంలో, మామూలు గాలిలోనే, సన్నని సూది మొన నుంచి తుంపరగా వస్తుంది. ఆ సూది మొనకూ ఆర్బిట్రాప్‌కూ మధ్య దూరం చేతి పొడవంత. ఆ కొద్ది దూరంలో పీడనం లక్షల కోట్ల రెట్లు తగ్గాలి. దీన్ని అవకలన పంపింగ్ అనే ఏర్పాటు సాధిస్తుంది. అయాన్ల దారిని గదులుగా విభజించి, గదికీ గదికీ మధ్య అయాన్లు మాత్రం దూరగల సన్నని రంధ్రం ఉంచి, ప్రతి గదినీ విడిగా తోడతారు. గాలి లోనికి వచ్చే ద్వారం వేడి చేసిన సన్నని గొట్టం. దాని లోపలి వ్యాసం అర మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. దాని వెనక మొదటి గదిని ప్రాథమిక పంపు కొన్ని మిల్లీబార్లకు దించుతుంది. తర్వాతి గదులను టర్బో పంపు మెట్లు మెట్లుగా దించుతుంది. ఒక్కొక్క రంధ్రం దగ్గరా వాయువు వెనకబడుతుంది. విద్యుత్ క్షేత్రాలు మాత్రం అయాన్లను రంధ్రం వైపే కూడగట్టి ముందుకు పంపుతాయి. ఈ వరుసలో ఒకచోట కావాలనే వాయువును లోనికి వదులుతారు. అయాన్లను పగలగొట్టి నిర్మాణం తెలుసుకోవడానికి ఢీకొట్టే గది ఉంటుంది. అందులోకి శుద్ధ నైట్రోజన్‌ను కొలత ప్రకారం పంపుతారు. అంటే ఇలాంటి యంత్రంలో ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లోనికి వచ్చే వాయువునూ పంపులు తోడే వాయువునూ సరిచూసిన సమతౌల్యమే అక్కడి శూన్యం. పంపు ఆగిన మరుక్షణం ఆ సమతౌల్యం పోతుంది.

సమతౌల్యం ఎక్కడ ఉందో చెప్పేవి పీడన గేజిలు. మార్చెల్లో పిరానీ 1906లో బెర్లిన్‌లో రూపొందించిన గేజిలో వేడెక్కిన సన్నని తీగ ఉంటుంది. చుట్టూ వాయువు ఎక్కువైతే తీగ త్వరగా చల్లారుతుంది. ఆ చల్లదనాన్ని బట్టి పీడనం లెక్కగడతారు. ఇది మిల్లీబారులో వెయ్యో వంతు దాకా నమ్మదగింది. అంతకు లోతున తీగను చల్లార్చేందుకు అణువులు చాలవు. అక్కడ పెన్నింగ్ గేజి గానీ, వేడి తీగ అయనీకరణ గేజి గానీ అందుకుంటుంది. మిగిలిన అణువులను అయాన్లుగా మార్చి, పుట్టిన విద్యుత్ ప్రవాహాన్ని ఇవి కొలుస్తాయి. ఈ గేజిలన్నీ వాయువు రకాన్ని బట్టి వేర్వేరుగా స్పందిస్తాయి. అవి నైట్రోజన్‌కు సరిచేసి ఉంటాయి కనుక హీలియం నిండిన గదిలో అంకె తప్పు చూపిస్తాయి. గేజి అంకెను చదివేవారు లోపల ఏ వాయువు ఉందో కూడా గుర్తుంచుకోవాలి.

పీడనం ఉండవలసిన దానికంటే ఎక్కువగా కనిపిస్తే, కారణం నాలుగు రకాల్లో ఒకటి. మొదటిది నిజమైన లీకు. అతుకును మూసే రబ్బరు వలయం (ఓ-రింగు) మీద వెంట్రుక పడటం, గొట్టాలు కలిసే అంచు (ఫ్లాంజి) మీద గీత, వదులైన బోల్టు, అతుకులో సన్నని పగులు, వీటి గుండా బయటి గాలి లోనికి దూరుతుంది. రెండోది గోడల నుంచి వెలువడే వాయువు. గాలి తగిలిన ప్రతి లోహపు ఉపరితలం మీదా నీటి అణువులు పొరలుగా అంటుకుని ఉంటాయి. శూన్యంలో అవి గంటల తరబడి, రోజుల తరబడి మెల్లగా విడిపోతుంటాయి. మూడోది బూటకపు లీకు. గుడ్డి రంధ్రంలో బిగించిన మర కింద ఇరుక్కున్న గాలి, మర సందుల్లోంచి నెలల తరబడి కొద్దికొద్దిగా బయటపడుతుంది. బయట ఎంత వెతికినా ఇది దొరకదు. అందుకే వాక్యూమ్ పరికరాల్లో మధ్యలో రంధ్రం చేసిన మరలు వాడతారు. నాలుగోది రబ్బరు వంటి పదార్థాల గుండా వాయువు మెల్లగా ఇంకి లోనికి రావడం. అత్యున్నత శూన్యం కావలసిన చోట రబ్బరుకు బదులు రాగి వలయాన్ని రెండు ఉక్కు అంచుల మధ్య నొక్కి వాడేది ఇందుకే.

నిజమైన లీకునూ గోడల వాయువునూ వేరు చేసే తేలికైన పరీక్ష ఒకటి ఉంది. గదికీ పంపుకూ మధ్య వాల్వు మూసి, పీడనం ఎలా పెరుగుతుందో గమనించాలి. ఆగకుండా ఒకే వేగంతో పెరుగుతుంటే బయటి నుంచి గాలి వస్తున్నట్టు. మొదట పెరిగి, క్రమంగా నెమ్మదించి ఒకచోట నిలిచిపోతే గోడల నుంచి నీరు, ఆవిర్లు విడుదలవుతున్నట్టు. గోడల నీటికి మందు వేడి. పరికరాన్ని పంపు నడుస్తుండగానే గంటల తరబడి వేడిచేస్తే నీరు త్వరగా విడిపోయి పంపు దారిన పోతుంది. ఉక్కు గదులను 150 డిగ్రీలు, అంతకు పైనా కాల్చడం మామూలే.

లీకు పరిమాణాన్ని సెకనుకు మిల్లీబార్ లీటర్లలో చెబుతారు. వాతావరణ పీడనంలో ఉన్న ఒక ఘన సెంటీమీటరు గాలి దాదాపు ఒక మిల్లీబార్ లీటరుకు సమానం. సెకనుకు 100 లీటర్లు తోడే పంపు ఉన్న గదికి, ఆ కొలతలో పదివేలో వంతు లీకు ఉందనుకుంటే, ఒక ఘన సెంటీమీటరు గాలి లోనికి రావడానికి రెండు గంటల 46 నిమిషాలు పడుతుంది. అంత చిన్న లీకే పీడనాన్ని మిల్లీబారులో పది లక్షో వంతు కంటే కిందికి దిగనివ్వదు. క్వాడ్రుపోల్‌కు ఆ లీకు ఫరవాలేదు. ఆర్బిట్రాప్ గదికి అది పనిని పూర్తిగా ఆపేసేంత పెద్దది. సెకనుకు మిల్లీబార్ లీటరులో వందకోట్లో వంతు లీకైతే, అదే ఘన సెంటీమీటరు గాలి రావడానికి 31 ఏళ్లు దాటుతుంది. మంచి యంత్రాలను ఈ కొలతకు బిగించే తయారుచేస్తారు.

లీకును పట్టుకునే పనికి మాస్ స్పెక్ట్రోమీటరే సాయపడుతుంది. గాలిలో నైట్రోజన్ ద్రవ్యరాశి 28, ఆక్సిజన్ 32, ఆర్గాన్ 40, నీరు 18. ఎలక్ట్రాన్ల తాకిడితో అయాన్లను తయారుచేసే యంత్రంలో నమూనా లేకుండానే ఫలితాల గ్రాఫులో ఈ నాలుగు శిఖరాలను చూడవచ్చు. 28, 32 శిఖరాలు గాలిలో ఉన్నట్టే సుమారు నాలుగుకు ఒకటి నిష్పత్తిలో నిలబడి, 40 కూడా కనిపిస్తే గాలి లీకు ఖాయం. 18 ఒక్కటే ఎత్తుగా ఉంటే లీకు లేదు, గోడల నీరు ఇంకా పోలేదు. రోజూ ఉదయం ఈ నాలుగు అంకెలను రాసిపెట్టుకునే ప్రయోగశాలకు, లీకు మొదలైన రోజే తెలుస్తుంది.

లీకు ఉందని తెలిశాక, ఎక్కడుందో తేల్చడానికి హీలియం వాడతారు. అది ఏ పదార్థంతోనూ చర్య జరపదు. పరమాణువు చిన్నది, వేగమైనది, సన్నని సందులోనూ దూరుతుంది. గాలిలో పది లక్షల భాగాలకు 5 మాత్రమే ఉంటుంది కనుక, ద్రవ్యరాశి 4 దగ్గర శిఖరం లేస్తే అది లీకు గుండా వచ్చిందనే అర్థం. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధ కాలపు అణు కార్యక్రమానికి యురేనియం శుద్ధి కర్మాగారాల్లో వేలాది అతుకులను పరీక్షించవలసి వచ్చింది. అప్పుడు ఆల్‌ఫ్రెడ్ నీర్ బృందం మాస్ స్పెక్ట్రోమీటరునే హీలియం లీకు డిటెక్టరుగా మలచింది. ఆ పరికరం వారసులే నేడు ప్రతి వాక్యూమ్ కార్ఖానాలోనూ ఉన్నాయి.

వెతికే పద్ధతికి ఒక క్రమం ఉంది. హీలియం గాలి కంటే తేలిక, పైకి పోతుంది. కింద చల్లితే పైనున్న లీకు గుండా దూరి, లేని చోట లీకు ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే పైనుంచి కిందికి వెతుకుతారు. సన్నని గొట్టం మొనను నీటిలో ముంచి, బుడగలు మెల్లగా వచ్చేలా హీలియం ధారను తగ్గిస్తారు. మొనను ఫ్లాంజి అంచు వెంట మెల్లగా జరుపుతూ, ప్రతి బోల్టు దగ్గరా కొన్ని సెకన్లు ఆగుతారు. శిఖరం లేచిన చోట ఆగి, మొన తీసేసి, శిఖరం దిగేదాకా నిరీక్షించి, మళ్లీ అదే చోట పెడతారు. రెండోసారీ లేస్తే లీకు దొరికినట్టే. అక్కడ బోల్టును ఇంకా గట్టిగా బిగించడం తొందరపాటు. చాలాసార్లు ఓ-రింగు తీసి, అంచు తుడిచి, కొత్త రింగు వేయడమే సరైన మరమ్మతు. నమూనాలోని పదార్థాలను ముందే విడదీసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో కలిపిన యంత్రాల్లో సాధారణంగా హీలియమే వాహక వాయువు కాబట్టి అక్కడ హీలియంతో వెతకలేరు. ఆర్గాన్ చల్లి, 40 శిఖరాన్ని చూస్తారు.

లీకు చిన్నదైతే ఫలితం చెడుతుంది. పెద్దదైతే, లేదా అకస్మాత్తుగా వస్తే, యంత్రమే చెడుతుంది. దీనికి రెండు కారణాలు. వేడి తీగ ఉన్న యంత్రాల్లో ఆక్సిజన్ తగిలితే టంగ్‌స్టన్ లేదా రీనియం తీగ కాలిపోతుంది. రెండో కారణం సూక్ష్మమైనది. మామూలు గాలిలో ఒక సెంటీమీటరు సందును దాటి మెరుపు దూకాలంటే సుమారు 30,000 వోల్టులు కావాలి. అదే సందులో పీడనం ఒక మిల్లీబారు ఉంటే 330 వోల్టుల ప్రాంతం చాలు. అంటే అరకొర శూన్యం గాలి కంటే ప్రమాదకరం. అయాన్లను లెక్కపెట్టే ఎలక్ట్రాన్ మల్టిప్లయరుకు వేయి నుంచి మూడు వేల వోల్టుల దాకా ఇస్తారు. పీడనం పెరుగుతున్న సమయంలో ఆ వోల్టేజీ ఉండిపోతే, క్షణాల్లో మెరుపు పుట్టి మల్టిప్లయరు పనికిరాకుండా పోవచ్చు.

అందుకే రక్షణ వ్యవస్థకు మొదటి ఆజ్ఞ వోల్టేజీని కత్తిరించడం. పీడనం ముందుగా నిర్ణయించిన హద్దు దాటిందని గేజి చెప్పగానే, తీగకూ మల్టిప్లయరుకూ అయాన్ల దారిలోని పలకలకూ విద్యుత్తు ఆగిపోతుంది. హద్దు రెండు చోట్ల పెడతారు. టర్బో పంపు నిండు వేగాన్ని అందుకుని, పీడనం తగినంత దిగేదాకా వోల్టేజీ ఇవ్వనివ్వని హద్దు ఒకటి. పని మధ్యలో పీడనం పెరిగితే ఆపివేసే హద్దు రెండోది. ఈ తీర్పును కంప్యూటరు ప్రోగ్రాముకు మాత్రమే వదలరు. గేజి నుంచి నేరుగా వచ్చే తీగ ద్వారా, ప్రోగ్రాము స్తంభించినా వోల్టేజీ ఆగేలా అమరుస్తారు. గేజి తీగ తెగితే కూడా, పీడనం పెరిగినట్టే వ్యవస్థ భావించాలి. ఏ భాగం విఫలమైనా యంత్రం సురక్షిత స్థితికే చేరాలన్నది ఈ రూపకల్పనకు మూలసూత్రం.

కరెంటు పోయినప్పుడు ఈ సూత్రానికి అసలు పరీక్ష. ప్రాథమిక పంపు ఆగిపోతుంది. దాని వెనక వాతావరణ పీడనం, ముందు శూన్యం ఉంటాయి. అడ్డు లేకపోతే పంపులోని నూనె గొట్టం వెంట పైకెక్కి టర్బోలోకి, అక్కడి నుంచి యంత్రంలోకి పాకుతుంది. అలా పాకిన నూనె శిఖరాలు వారాల తరబడి ప్రతి కొలతలోనూ కనిపిస్తాయి. అందుకే పంపు ముఖద్వారంలో, కరెంటు పోతే తనంత తాను మూసుకునే వాల్వు ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే తెరిచి ఉండేలా స్ప్రింగు బలంతో దాన్ని అమరుస్తారు. ఇదే సమయంలో టర్బో రోటరు ఇంకా వేగంగా తిరుగుతూనే ఉంటుంది. చాలా పంపుల్లో ఆ రోటరు వేగాన్నే జనరేటరుగా వాడుకుని, నియంత్రణ పరికరానికి కొంతసేపు విద్యుత్తు అందిస్తారు. వేగం సుమారు సగానికి తగ్గాక, లోపలికి వాయువును మెల్లగా వదిలే వాల్వు తెరుచుకుంటుంది. రోటరు నిండు వేగంలో ఉండగా గాలి ఒక్కసారిగా మీదపడితే రెక్కలు వంగి, కదలని రెక్కలకు తగిలి పంపు ధ్వంసం కావచ్చు. మరీ ఆలస్యం చేస్తే ప్రాథమిక పంపు వైపు నుంచి నూనె ఆవిరి పైకి వస్తుంది. ఆ మధ్యకాలాన్ని ఎంచుకోవడమే ఈ వాల్వు పని.

లోనికి వదిలే వాయువు పొడి నైట్రోజన్ అయితే మేలు. తేమ ఉన్న గాలి వదిలితే గోడలన్నీ మళ్లీ నీటిని తాగుతాయి, తిరిగి మంచి శూన్యానికి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఉంది. రుతుపవనాల తేమ గాలి ఉండే అలాంటి చోట్ల డ్రెస్డెన్ కంటే ఈ జాగ్రత్త విలువ ఎక్కువ. కరెంటు నిలకడ లేని ఊళ్లలో టర్బో పంపులకూ ప్రాథమిక పంపులకూ కలిపి యూపీఎస్ పెట్టడం ఇదే కారణంతో.

అయాన్లు పుట్టే గదిని శుభ్రం చేయవలసి వచ్చిన ప్రతిసారీ యంత్రమంతా గాలికి తెరిచే అవసరం లేకుండా, ద్వారానికీ మిగతా భాగానికీ మధ్య మరో వాల్వు పెడతారు. వాల్వు మూసి ద్వారపు గొట్టాన్ని తీసి కడిగి తిరిగి పెట్టవచ్చు. ద్రవ క్రొమటోగ్రాఫ్‌తో కలిపిన యంత్రాలకు ద్రవం లీకు నుంచి కూడా రక్షణ అవసరం. అసిటోనైట్రైల్, మిథనాల్ వంటివి మండే ద్రవాలు. పంపు కింద పళ్లెంలో సన్నని సెన్సరు ఉంటుంది. ద్రవం తగిలితే అది చల్లబడి సంకేతమిస్తుంది, ద్రవపు పంపు ఆగుతుంది. తుంపర గది నుంచి పొగలా వచ్చే ఆవిరినీ, వాక్యూమ్ పంపు వదిలే వాయువునూ వేర్వేరు గొట్టాల్లో బయటికి పంపాలి. ఒకే గొట్టంలో కలిపితే ఒకదాని ఒత్తిడి రెండోదానిలోకి తన్ని, ద్రావణి ఆవిర్లు యంత్రంలోకో గదిలోకో రావచ్చు.

రోసెన్‌డార్ఫ్‌లోని డ్రీమ్స్ యంత్రంలో ఇవే సూత్రాలు పెద్ద కొలతలో కనిపిస్తాయి. అంతరిక్ష కిరణాల వల్ల రాళ్లలో, మంచులో, ఉల్కల్లో ఏర్పడే అరుదైన ఐసోటోపులను అది లెక్కపెడుతుంది. వాటిలో 13.9 లక్షల ఏళ్ల అర్ధాయువు ఉన్న బెరీలియం 10, సుమారు 7 లక్షల ఏళ్ల అల్యూమినియం 26, 3 లక్షల ఏళ్ల క్లోరిన్ 36 ముఖ్యమైనవి. వీటిలో ఒక్క పరమాణువు పక్కన మామూలు రకం పరమాణువులు కోట్ల కోట్లలో ఉంటాయి. అందుకే రుణ అయాన్లను లక్షల వోల్టుల వైపు లాగి, మధ్యలో ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, ధన అయాన్లుగా మార్చి, మళ్లీ తోసివేస్తారు. ఎలక్ట్రాన్లను ఊడగొట్టేది త్వరణకం నడిమధ్య ఉన్న సన్నని గొట్టంలో ఆర్గాన్ వంటి వాయువు. అంటే అత్యున్నత శూన్యం మధ్యలో కావాలనే పెట్టిన లీకు. దాని నుంచి వాయువు ఇరువైపులా పాకకుండా, అక్కడ అవకలన పంపింగ్ ఉండాలి. గొట్టంలో వాయువు ఎక్కువైతే అయాన్లు చెదురుతాయి, తక్కువైతే ఎలక్ట్రాన్లు సరిగా ఊడవు.

అంత వోల్టేజీ బయటికి దూకకుండా, త్వరణకాన్ని సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపిన పీడన తొట్టిలో ఉంచుతారు. ఆ వాయువు తొట్టి లోపలి నుంచి శూన్య గొట్టంలోకి లీకైతే కిరణపుంజం చెదురుతుంది. బయటికి లీకైతే వేడి పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 20 వేల రెట్లకు పైగా బలమైన వాయువు వాతావరణంలో చేరుతుంది. మరమ్మతుకు తొట్టి తెరిచే ముందు దాన్ని పూర్తిగా తిరిగి సేకరించి నిల్వ చేయడం తప్పనిసరి. కిరణమార్గం చివర అయాన్లను పట్టే డిటెక్టరు గదిలో కూడా వాయువు ఉంటుంది. దానికీ శూన్యానికీ మధ్య అడ్డు సిలికాన్ నైట్రైడ్‌తో చేసిన అతి పలుచని తెర. ఆ తెర చిరిగితే వాయువు కిరణమార్గంలోకి విరుచుకుపడుతుంది. అందుకే ఇలాంటి పొడవైన గొట్టాలను గేటు వాల్వులతో విభాగాలుగా చేస్తారు. పీడనం పెరిగిన క్షణంలో మిల్లీసెకన్లలో మూసుకునే వాల్వులు ఆ గాలి అలకు ముందే త్వరణకాన్ని కాపాడతాయి. ఒక విభాగం చెడితే మిగతా విభాగాల శూన్యం నిలిచే ఉంటుంది.

ఈ ఏర్పాట్లన్నిటి విలువ వాటి నిర్వహణలో ఉంది. ప్రాథమిక పంపు నూనె నల్లబడకముందే మార్చాలి. టర్బో పంపు బేరింగు అరిగిన ధ్వనిని, వేడిని, విద్యుత్ వినియోగంలో పెరుగుదలను గమనించాలి. తీసిన ఓ-రింగును పరీక్షించకుండా తిరిగి వేయకూడదు. శూన్య భాగాలను చేతితొడుగులు లేకుండా తాకకూడదు. వేలిముద్రలోని కొవ్వే రోజుల తరబడి వాయువు వదులుతుంది. ఆపు హద్దులను ఏడాదికి ఒకసారైనా నిజంగా దాటించి, వోల్టేజీ ఆగుతోందో లేదో, వాల్వు మూసుకుంటోందో లేదో పరీక్షించాలి. పరీక్షించని రక్షణ ప్రమాదం వచ్చినప్పుడు పనిచేస్తుందన్న హామీ ఉండదు. పీడనం, పంపు వేగం, గాలి నీటి శిఖరాల అంకెలను రోజూ పుస్తకంలో రాయడం వీటన్నిటికీ పునాది. ఫలితాల పట్టికలో కనిపించే ప్రతి అంకె వెనక ఆ రోజు యంత్రంలో ఉన్న శూన్యం ఉంటుంది. అది తగినంతగా ఉందని రుజువు చూపగలిగినప్పుడే ఆ ఫలితాన్ని నమ్మాలి.